యూనిట్ – 9: వైట్‌వాటర్ రాఫ్టింగ్ – కనిపించే భయం, అసలు ప్రమాదం (జాంబెజి నది ఆధారంగా ఒక పరిశీలన)

విషయక్రమం
9.0 లక్ష్యాలు
9.1 పరిచయం
9.2 నీరు ఎందుకు తెల్లబడుతుంది?
9.3 ప్రవాహాన్ని చదవడం
9.4 కష్టాన్ని బట్టి తరగతులు
9.5 జాంబెజి నది – బతోకా గండి
9.6 కనిపించే భయం, అసలు ప్రమాదం
9.7 రాఫ్ట్ ఎక్కేముందు
9.8 నది భవిష్యత్తు
9.9 సారాంశం
9.10 ముఖ్య పదాలు
9.11 మీ ప్రగతిని సరిచూసుకోండి – సమాధానాలు
9.12 నమూనా పరీక్షా ప్రశ్నలు

9.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• నది ఇరుకైన చోట ప్రవాహ వేగం ఎందుకు పెరుగుతుందో లెక్కతో సహా వివరించగలుగుతారు.
• రాఫ్టింగ్‌లో వాడే ఆరు తరగతుల విభజనను, దాని పరిమితులను చెప్పగలుగుతారు.
• జాంబెజి నదిపై రాఫ్టింగ్ ఎందుకు ప్రసిద్ధి చెందిందో భౌగోళిక కారణాలతో విశ్లేషించగలుగుతారు.
• చూడటానికి భయం గొలిపేదానికి, నిజంగా ప్రాణాపాయం కలిగించేదానికి తేడా గుర్తించగలుగుతారు.
• విదేశంలో గాని, స్వదేశంలో గాని రాఫ్ట్ ఎక్కబోయేవారు అడగవలసిన ప్రశ్నలను రూపొందించగలుగుతారు.

9.1 పరిచయం

వేగంగా దూకుతూ, రాళ్లను తాకి నురగలు కక్కే నదిలో గాలి నింపిన రబ్బరు పడవ మీద ప్రయాణించడాన్ని వైట్‌వాటర్ రాఫ్టింగ్ అంటారు. ఆ పడవను రాఫ్ట్ అంటారు. నది ఇలా ఉరకలు వేసే ఒక్కొక్క భాగాన్ని ర్యాపిడ్ అంటారు. తెప్పలు, పుట్టిలు మనకు కొత్త కావు. కృష్ణ, తుంగభద్ర తీరాల్లో పుట్టి మీద ఏరు దాటినవారు మీలోనూ ఉంటారు. కాని పుట్టి నడిపేవాడు నీరు నెమ్మదిగా ఉన్న చోటు వెతుక్కుంటాడు. రాఫ్ట్ నడిపేవాడు నీరు పరుగెత్తే చోటు వెతుక్కుంటాడు. మొదటిది అవసరం, రెండవది వినోదం. వినోదం కోసం ప్రమాదాన్ని ఎదుర్కోవడమే సాహస పర్యాటకానికి మూలసూత్రమని మీరు గత పాఠాల్లో తెలుసుకున్నారు.

1869లో జాన్ వెస్లీ పావెల్ బృందం చెక్క పడవల్లో అమెరికాలోని కొలరాడో నది మీదుగా గ్రాండ్ కాన్యన్ దాటింది. అది శాస్త్రీయ అన్వేషణ. రెండవ ప్రపంచ యుద్ధం ముగిశాక, సైన్యానికి అక్కరలేని రబ్బరు పడవలు మార్కెట్‌లోకి వచ్చాయి. బండను తాకినా పగలక, వంగి జారిపోయే ఆ పడవల వల్లనే రాఫ్టింగ్ సామాన్య యాత్రికులకు అందుబాటులోకి వచ్చింది.

మీలో కొందరు ఇప్పటికే పర్యాటక రంగంలో ఉద్యోగం చేస్తూ ఈ కోర్సు చదువుతున్నారు. మరికొందరి అక్కచెల్లెళ్లో, అన్నదమ్ములో అమెరికాలో చదువుకుంటున్నారు. వేసవి సెలవుల్లో స్నేహితులంతా కలిసి రాఫ్టింగ్‌కు వెళ్లడం అక్కడ మామూలే. కనుక ఈ పాఠం పరీక్ష కోసం మాత్రమే చదవవలసినది కాదు. చదివేటప్పుడు ఒక ప్రశ్న మనసులో పెట్టుకోండి: నదిలో చూడటానికి ఏది భయంకరంగా ఉంటుంది, నిజంగా ఏది ప్రాణం తీస్తుంది? రెండింటికీ జవాబు ఒకటే అనుకోవడం సహజం. చాలా సందర్భాల్లో రెండు జవాబులూ వేరు.

9.2 నీరు ఎందుకు తెల్లబడుతుంది?

ర్యాపిడ్ ఏర్పడటానికి నాలుగు కారణాలు కలిసి పనిచేస్తాయి: నది అడుగు వాలు, పాయ ఇరుకవడం, అడుగున ఉన్న బండల గరుకుదనం, ప్రవహించే నీటి పరిమాణం. వీటిలో ఇరుకవడం అనే అంశాన్ని ఒక లెక్కతో పరిశీలిద్దాం.

ఒక చోట నది వెడల్పు 40 మీటర్లు, సగటు లోతు 2.5 మీటర్లు, వేగం సెకనుకు 1 మీటరు అనుకోండి. అప్పుడు ప్రవాహ పరిమాణం 40 × 2.5 × 1 = 100. అంటే సెకనుకు 100 ఘనపు మీటర్లు. వార్తాపత్రికల్లో ప్రాజెక్టుల నీటిమట్టాల పట్టికలో మీరు చూసే కొలతలో చెప్పాలంటే, సుమారు 3,530 క్యూసెక్కులు. కొంత దిగువన అదే నది రెండు బండల మధ్య 10 మీటర్ల వెడల్పుకు కుదించుకుపోయి, లోతు 4 మీటర్లు అయిందనుకోండి. నీరు మధ్యలో ఎక్కడికీ పోలేదు కనుక పరిమాణం 100గానే ఉండాలి. 10 × 4 = 40 చదరపు మీటర్ల దారిలో 100 ఘనపు మీటర్లు పోవాలంటే వేగం సెకనుకు 2.5 మీటర్లు కావాలి.

వేగం రెండున్నర రెట్లు పెరిగితే నీరు నెట్టే బలం రెండున్నర రెట్లే పెరుగుతుందనుకోకండి. ప్రవాహానికి అడ్డంగా నిలిచిన వస్తువుపై పడే బలం వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అంటే 2.5 × 2.5 = 6.25 రెట్లు. నడుము లోతు నీటిలో ఏరు దాటడం అలవాటైన మనిషి కూడా, వేగంగా పారే మోకాటి లోతు నీటిలో నిలబడలేకపోవడానికి కారణం ఇదే.

ఇలా వేగంగా వచ్చిన నీరు నెమ్మదిగా ఉన్న నీటిని ఢీకొన్నప్పుడు, బండ మీది నుంచి దూకినప్పుడు, గాలి బుడగలు లోపలికి చొరబడతాయి. ఆ బుడగలు వెలుతురును అన్ని వైపులకూ చెదరగొట్టడం వల్ల నీరు తెల్లగా కనిపిస్తుంది. గాలి కలిసిన నీటికి సాంద్రత తక్కువ. కనుక అది మనిషిని పైకి తేల్చే బలం కూడా తక్కువే. లైఫ్ జాకెట్ వేసుకున్నవారు సైతం నురగలో పడినప్పుడు కొంతసేపు మునిగి ఉండి, దిగువన నల్లని నీటిలోకి చేరాక పైకి తేలడం మీరు వీడియోల్లో గమనించి ఉంటారు. జాకెట్ పనిచేయలేదని కంగారు పడనక్కరలేదు. అది పనిచేయడానికి తగిన నీరు అక్కడ లేదు, అంతే.

9.3 ప్రవాహాన్ని చదవడం

రాఫ్ట్ నడిపే గైడ్ ప్రతి ర్యాపిడ్‌కు ముందు లేచి నిలబడి నీటిని చూస్తాడు. ఆయన వెతికే గుర్తులు ఇవి.

నాలుక: రెండు అడ్డంకుల మధ్య నుంచి నునుపుగా, నల్లగా జారే నీటి పాయ. ఎగువ నుంచి చూస్తే, కోసు దిగువ వైపుకు ఉన్న త్రిభుజంలా కనిపిస్తుంది. సాధారణంగా దారి ఇదే. కోసు ఎగువ వైపుకు ఉంటే, ఆ కోసు దగ్గర నీటి కింద బండ ఉన్నట్లు.

నిలిచిన అల: సముద్రపు అల ముందుకు కదులుతుంది, దానిలోని నీరు మాత్రం దాదాపు అక్కడే ఉంటుంది. నదిలో ఇది తలకిందులు. నీరు ముందుకు పోతుంది, అల అక్కడే నిలిచి ఉంటుంది. పెద్ద అలలు చూడటానికి భయం గొలిపినా, రాఫ్ట్ నేరుగా ఎదుర్కొంటే ఎక్కి దిగిపోతుంది. పక్కకు తిరిగితేనే బోల్తా కొడుతుంది.

గుంట: బండ మీది నుంచి దూకిన నీరు అడుగుకు పోయి, పైభాగం మాత్రం వెనక్కి తిరిగి బండ వైపే వచ్చే చోటు. ఇది రాఫ్ట్‌ను, మనిషిని పట్టి ఉంచగలదు.

ఎదురు నీరు: పెద్ద బండ వెనుక, లేదా గట్టు వంపులో, నది ఎగువ వైపుకు తిరిగి పారే ప్రశాంతమైన భాగం. గైడ్‌లు విశ్రాంతికి, పడినవారిని ఏరుకోవడానికి ఇక్కడ ఆగుతారు. చేపలు పట్టేవారికి ఈ చోటు బాగా తెలుసు.

9.4 కష్టాన్ని బట్టి తరగతులు

ర్యాపిడ్‌లను ఆరు తరగతులుగా విభజించడం అంతర్జాతీయంగా ఆచారం.

1వ తరగతి – చిన్న చిన్న తరంగాలు, అడ్డంకులు దాదాపు లేవు.
2వ తరగతి – తేలికైన ర్యాపిడ్‌లు, వెడల్పైన స్పష్టమైన దారి.
3వ తరగతి – ఒడిదుడుకుల అలలు, రాఫ్ట్‌ను అటూ ఇటూ తిప్పవలసిన అవసరం.
4వ తరగతి – బలమైన ప్రవాహం, కచ్చితమైన నడక అవసరం, పడితే రక్షణ కష్టం.
5వ తరగతి – పొడవైన, ఉధృతమైన, క్లిష్టమైన ర్యాపిడ్‌లు. నిపుణులకే తగినవి.
6వ తరగతి – దాదాపు దాటలేనివి. యాత్రికులను తీసుకుపోయే సంస్థలు వీటిని ఒడ్డున నడిచి దాటిస్తాయి.

ఈ విభజనకు రెండు పరిమితులు ఉన్నాయి. మొదటిది, తరగతి నదికి శాశ్వతమైన గుణం కాదు. నీటిమట్టం మారితే తరగతి మారుతుంది. నిరుడు 3వ తరగతి అని విన్న ర్యాపిడ్ ఈ వారం 5వ తరగతి కావచ్చు. రెండవది, తరగతి ముఖ్యంగా నడిపేవారి కష్టాన్ని చెబుతుంది. పడినవారికి ఏమవుతుందన్నది దానిలో కొంతవరకే ఇమిడి ఉంటుంది. ఈ రెండవ పరిమితిని అర్థం చేసుకోవడానికి జాంబెజి నది మంచి ఉదాహరణ.

మీ ప్రగతిని సరిచూసుకోండి – I
1. వేగం సెకనుకు 1 మీటరు నుంచి 3 మీటర్లకు పెరిగితే ప్రవాహ బలం ఎన్ని రెట్లు పెరుగుతుంది?
2. నురగలో మనిషి తక్కువగా తేలడానికి కారణం ఏమిటి?

9.5 జాంబెజి నది – బతోకా గండి

9.5.1 గండి ఏర్పడిన తీరు

ఆఫ్రికాలో నాలుగో పొడవైన నది జాంబెజి. జాంబియా వాయవ్య భాగంలో పుట్టి, 2,500 కిలోమీటర్లకు పైగా ప్రవహించి, మొజాంబిక్‌లో హిందూ మహాసముద్రంలో కలుస్తుంది. మధ్య భాగంలో ఇది జాంబియా, జింబాబ్వే దేశాలకు సరిహద్దు. ఈ సరిహద్దు మీదనే 1,708 మీటర్ల వెడల్పు, గరిష్ఠంగా 108 మీటర్ల ఎత్తు ఉన్న జలపాతం ఉంది. స్థానికులు దీనిని మోసి-ఓవా-తున్యా అంటారు. ఉరిమే పొగ అని దాని అర్థం. 1855 నవంబరులో దీనిని చూసిన డేవిడ్ లివింగ్‌స్టన్ తమ రాణి పేరిట విక్టోరియా జలపాతం అన్నాడు. 1989లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చింది.

ఈ ప్రాంతమంతా బసాల్ట్ శిల. పూర్వకాలపు లావా చల్లబడి ఏర్పడిన నల్లరాయి అది. వికారాబాద్, ఆదిలాబాద్ ప్రాంతాల్లో కనిపించే దక్కను లావా శిల కూడా ఈ రకానిదే. రాయి గట్టిదే గాని, దానిలో నిలువుగా పగుళ్లు ఉన్నాయి. నది ఆ పగుళ్ల వెంట రాయిని కోస్తూ పోయింది. ఒక పగులు పూర్తిగా కోసుకుపోయాక జలపాతం ఎగువన ఉన్న మరొక పగులుకు జరిగింది. అందుకే నేటి జలపాతానికి దిగువన నది అటొక మలుపు, ఇటొక మలుపుగా ఇరుకైన గండుల్లో ప్రవహిస్తుంది. ఆ గండుల్లో ఒక్కొక్కటీ ఒకనాటి జలపాతం ఉన్న చోటే. వీటి కొనసాగింపును బతోకా గండి అంటారు. పెన్నా నది ఎర్రమల కొండలను కోసిన గండికోటను చూసినవారు ఈ దృశ్యాన్ని కొంత ఊహించుకోగలరు.

పై లెక్క ఇప్పుడు గుర్తు చేసుకోండి. కిలోమీటరున్నరకు పైగా వెడల్పున్న నది హఠాత్తుగా ఇరుకైన రాతి కాలువలోకి దూరుతుంది. ర్యాపిడ్‌లకు ఇంతకంటే కారణం అక్కరలేదు.

9.5.2 ఋతువులు

జాంబియాలో వర్షాలు నవంబరు నుంచి మార్చి వరకు పడతాయి. కాని జలపాతం దగ్గర వరద ఉచ్చస్థితికి చేరేది ఏప్రిల్ ప్రాంతంలో, వర్షాలు వెనుకబట్టిన తరువాత. ఎగువన బరోట్సే అనే విశాలమైన వరద మైదానం నీటిని పట్టి ఉంచి, నెమ్మదిగా వదలడమే దీనికి కారణం. కనుక ఆకాశం నిర్మలంగా ఉన్న రోజున నది నిండుగా ఉండవచ్చు. హిమాలయాల్లో, అమెరికాలోని రాకీ పర్వతాల్లో కూడా ఇలాంటి విషయమే మరొక రూపంలో కనిపిస్తుంది. మన నదులు ఎండాకాలంలో ఎండిపోతాయి. అక్కడి నదులు మంచు కరగడం వల్ల ఎండాకాలంలోనే పొంగుతాయి. మే, జూన్ నెలల్లో అమెరికాలో రాఫ్టింగ్‌కు వెళ్లే తెలుగు విద్యార్థి ఈ తేడా తెలుసుకుని ఉండాలి.

బతోకా గండిలో ఆగస్టు నుంచి డిసెంబరు వరకు సాధారణంగా నీరు తక్కువగా ఉంటుంది. ర్యాపిడ్‌లన్నీ స్పష్టంగా బయటపడి, రాఫ్టింగ్‌కు అనువైన కాలం అదే. వరద ఎక్కువైనప్పుడు పైభాగంలోని ర్యాపిడ్‌లు మూసివేసి, దిగువ నుంచి ప్రయాణం మొదలుపెడతారు. వరద మరీ ఎక్కువైతే పూర్తిగా ఆపేస్తారు.

9.5.3 ఒక రోజు ప్రయాణం

1981లో ఒక అమెరికన్ సాహసయాత్రా సంస్థ బృందం ఈ గండిని తొలిసారిగా రాఫ్ట్‌ల మీద దాటింది. ఆ తరువాత ఇది ప్రపంచంలో అతి పేరుపొందిన ఒకరోజు రాఫ్టింగ్ యాత్రగా స్థిరపడింది. మీరు తక్కువ నీటి కాలంలో జాంబియాలోని లివింగ్‌స్టన్ పట్టణం నుంచి బయలుదేరారనుకోండి.

ముందుగా పొడి నేల మీద భద్రతా పాఠం ఉంటుంది. హెల్మెట్, లైఫ్ జాకెట్ బిగించి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూస్తారు. జాకెట్ చెవుల దాకా లేస్తే వదులుగా ఉన్నట్లు. తెడ్డు పైకొనను ఎప్పుడూ అరచేతితో కప్పి పట్టుకోమంటారు. పక్కవారి పళ్లు రాలగొట్టేది తరచుగా ఆ కొనే. తరువాత ఆజ్ఞలు: ముందుకు తెడ్డు వేయండి, వెనక్కి వేయండి, ఆపండి, కిందికి వంగి తాడు పట్టుకోండి. గైడ్ ఆంగ్లంలో అరిచే ఈ నాలుగు మాటలనూ నీటి హోరులో ఆలోచించకుండా పాటించగలగాలి. అర్థం కాకపోతే అక్కడే, ఒడ్డునే అడగండి. మొహమాటం వద్దు.

తరువాత జలపాతం అడుగున బాయిలింగ్ పాట్ అనే మడుగు దగ్గరికి దిగుతారు. అక్కడి నుంచి ర్యాపిడ్‌లకు 1 నుంచి వరుసగా అంకెలు ఉన్నాయి. 5వది స్టెయిర్‌వే టు హెవెన్, 7వది గలివర్స్ ట్రావెల్స్. రెండూ 5వ తరగతికి చెందినవిగా పేరుపొందాయి. ముందు వరుసలో కూర్చున్న మీకు, అల ఎక్కేటప్పుడు ఆకాశం తప్ప ఏమీ కనిపించదు. దిగేటప్పుడు నీరు తప్ప ఏమీ కనిపించదు. 9వ ర్యాపిడ్ పేరు కమర్షియల్ సూయిసైడ్. వ్యాపారానికి ఆత్మహత్య అని అర్థం. యాత్రికులతో దానిలోకి దిగిన సంస్థ మర్నాడు ఉండదన్న హాస్యం ఆ పేరులో ఉంది. అక్కడ అందరూ దిగి, బండల మీదుగా నడిచి దాటుతారు. 18వది ఒబ్లివియన్. దాని అలలు రాఫ్ట్‌లను తరచుగా బోల్తా కొట్టిస్తాయి. చివరన గండి గోడ ఎక్కి పైకి రావాలి. నిటారైన దారి, ఎండ, అలసిన కాళ్లు. చాలామందికి రోజంతటిలో అతి కష్టమైన భాగం ఇదేనని తరువాత తెలుస్తుంది.

9.6 కనిపించే భయం, అసలు ప్రమాదం

పర్యాటక అధ్యయనంలో రెండు భావనలను వేరుచేసి చూస్తారు. యాత్రికుడు తన మనసులో ఊహించుకునే ప్రమాదం భావిత ప్రమాదం. గాయం గాని, మరణం గాని నిజంగా సంభవించగల అవకాశం వాస్తవ ప్రమాదం. మంచి నిర్వాహకుడు మొదటిదాన్ని అమ్ముతాడు, రెండవదాన్ని తగ్గిస్తాడు. నాసిరకం నిర్వాహకుడు మొదటిదాన్ని అమ్మి, రెండవదాన్ని మీకు వదిలేస్తాడు.

జాంబెజిలో 5వ తరగతి ర్యాపిడ్‌లలోకి అనుభవం లేని యాత్రికులను ఎలా తీసుకుపోగలుగుతున్నారు? దీనికి మూడు భౌతిక కారణాలు ఉన్నాయి. ఒకటి, నీరు లోతైనది. చాలా ర్యాపిడ్‌లలో పాయ మధ్య బయటికి పొడుచుకువచ్చిన బండలు తక్కువ. రెండు, చాలా ర్యాపిడ్‌ల తరువాత ప్రశాంతమైన మడుగు ఉంది. పడినవారు అక్కడికి చేరతారు, చిన్న కయాక్ పడవల్లో కాచుకుని ఉన్న రక్షకులు వారిని అందుకుంటారు. మూడు, నీరు గడ్డకట్టేంత చల్లగా ఉండదు. ఇక్కడ రాఫ్ట్ బోల్తా పడటం రోజూ జరిగేదే. అయితే ఈ నదిలో ప్రాణాపాయం లేదని దీని అర్థం కాదు. ఇక్కడా మరణాలు సంభవించాయి. భయం ఎంత పెద్దదిగా కనిపిస్తుందో, తగిన ఏర్పాట్లున్నప్పుడు ప్రమాదం అంత పెద్దది కాదని మాత్రమే దీని అర్థం.

ఇప్పుడు దీనికి భిన్నమైనవి చూడండి. వీటిలో ఏదీ భయంకరంగా కనిపించదు.

(అ) జల్లెడ: నదిలోకి ఒరిగిన చెట్టు, లేదా ముళ్లకంప. నీరు కొమ్మల మధ్య నుంచి పోతుంది, మనిషి చిక్కుకుంటాడు. వెనుక నుంచి ప్రవాహం నొక్కుతూనే ఉంటుంది. 1వ తరగతి నీటిలో కూడా ఇది చంపగలదు.

(ఆ) కాలు ఇరుక్కోవడం: ప్రవాహంలో పడినవారు సహజంగా లేచి నిలబడాలని చూస్తారు. కాలు రెండు రాళ్ల మధ్య ఇరుక్కుంటే, నీరు మనిషిని ముందుకు తోసి ముంచుతుంది. నడుము లోతు చాలు. అందుకే వెల్లకిలా పడుకుని, పాదాలు దిగువ వైపుకు, వేళ్లు నీటి పైకి ఉంచి తేలాలి. కూర్చుంటే నేల తగిలేంత లోతు తక్కువయ్యేదాకా నిలబడకూడదు.

(ఇ) చిన్న ఆనకట్ట: అడ్డంగా కట్టిన గోడ మీది నుంచి నీరు అంతటా ఒకే తీరుగా దూకే చోట, దిగువన ఒడ్డు నుంచి ఒడ్డు దాకా ఒకే గుంట ఏర్పడుతుంది. సహజమైన గుంటకు పక్కల నుంచి దారి ఉంటుంది. దీనికి ఉండదు. పడిన మనిషిని గోడ వైపు లాగి, ముంచి, తేల్చి, మళ్లీ లాగుతుంది. మన వాగుల మీది చెక్‌డ్యామ్‌లు, వరద రోజుల్లో మత్తడి దూకే చోట్లు ఈ కోవలోవే. ఎత్తు ఒక మీటరే కావచ్చు. అక్కడ స్నానానికి దిగే పిల్లలకు ఈ ఒక్క విషయం చెప్పగలిగినా మీరు ఈ పాఠం చదివిన ఫలితం దక్కినట్లే.

(ఈ) చల్లదనం: మంచు కరిగిన నీటిలో హఠాత్తుగా పడితే, శరీరం ఆపుకోలేని విధంగా ఒక్కసారిగా గాలి పీలుస్తుంది. ఆ క్షణాన నోరు నీటిలో ఉంటే నీరే లోపలికి పోతుంది. ఈత బాగా వచ్చినవారికి కూడా ఇది తప్పదు. వెచ్చని నదుల్లో, బావుల్లో ఈత నేర్చుకున్న మనకు ఈ అనుభవం ఉండదు.

(ఉ) ఎగువ నుంచి వదిలే నీరు: 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లోని మండి జిల్లాలో, బియాస్ నది ఒడ్డున బండల మీద నిలబడి ఫోటోలు తీసుకుంటున్న హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది, ఎగువన ఉన్న లార్జీ జలవిద్యుత్ ప్రాజెక్టు నుంచి విడుదలైన నీటిలో కొట్టుకుపోయి మరణించారు. వారు రాఫ్టింగ్ చేయడం లేదు. నది అప్పటిదాకా వారికి ప్రశాంతంగానే కనిపించింది. ఆ పిల్లలను బలిగొన్న నీరు వారికి కనిపించేంత దూరంలో లేదు. జలవిద్యుత్ కేంద్రం ఉన్న ఏ నదిలోనైనా, దేశం ఏదైనా, ఎగువన గేట్లు ఎప్పుడు తెరుస్తారో తెలియకుండా నది గర్భంలోకి దిగకూడదు. బోర్డు లేకపోయినా, సైరన్ మోగకపోయినా ఈ నియమం వర్తిస్తుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి – II
3. భావిత ప్రమాదం, వాస్తవ ప్రమాదం – తేడా ఏమిటి?
4. సహజమైన గుంట కంటే చిన్న ఆనకట్ట దిగువన ఏర్పడే గుంట ఎందుకు ప్రమాదకరం?

9.7 రాఫ్ట్ ఎక్కేముందు

నీటిలోకి దిగాక నిర్ణయాలు గైడ్‌వి. దిగకముందు నిర్ణయం మీది. నిర్వాహకుడిని ఈ ప్రశ్నలు అడగండి.

1. ఈ రోజు నీటిమట్టం ఎంత? ఈ మట్టంలో ఈ భాగం ఏ తరగతి?
2. ఎగువన ఆనకట్ట ఉందా? నీరు వదిలే వేళలు మీకు ముందుగా తెలుస్తాయా?
3. మాతో పాటు రక్షణ కయాక్ గాని, రెండవ రాఫ్ట్ గాని వస్తుందా? ఒక్క రాఫ్టే పోతే, అది బోల్తా పడినప్పుడు అందరూ నీటిలోనే ఉంటారు.
4. గైడ్‌కు ఈ నదిలో ఎంత అనుభవం ఉంది? ప్రథమ చికిత్సలో శిక్షణ ఉందా?
5. ఎవరైనా ఏదైనా ర్యాపిడ్ దగ్గర దిగి నడుస్తామంటే ఒప్పుకుంటారా?

అయిదవ ప్రశ్నకు వచ్చే జవాబును జాగ్రత్తగా వినండి. నవ్వి తోసిపుచ్చే నిర్వాహకుడి దగ్గర డబ్బు వదులుకుని వచ్చేయడం మేలు. తోటివారు ఎగతాళి చేస్తారన్న సంకోచం వల్ల రాఫ్ట్ ఎక్కేవారే ఎక్కువ. ఆ సంకోచం కూడా ఒక ప్రమాద కారణమే.

గుండెజబ్బు, మూర్ఛ, తీవ్రమైన ఉబ్బసం ఉన్నవారు, గర్భిణులు, ఇటీవల శస్త్రచికిత్స జరిగినవారు వైద్యుని అడగకుండా వెళ్లకూడదు. మద్యం తాగి రాఫ్ట్ ఎక్కడం, ఎక్కించడం రెండూ నేరంతో సమానంగా చూడాలి. జీన్స్, చీర, చున్నీ, మెడలో గొలుసులు పనికిరావు. త్వరగా ఆరే బిగువైన దుస్తులు, కాలికి కట్టుకునే చెప్పులు లేదా పాత బూట్లు, కళ్లజోడుకు తాడు ఉండాలి. చల్లని నదుల్లో వెట్‌సూట్ ఇవ్వకపోతే అడగండి. పాస్‌పోర్టు రాఫ్ట్ మీదికి తీసుకుపోవద్దు.

విదేశాల్లో సంతకం చేయమనే అంగీకార పత్రాన్ని చదవండి. ప్రమాదం జరిగితే సంస్థ బాధ్యత పరిమితమని అందులో ఉంటుంది. ప్రయాణ బీమా పాలసీల్లో చాలా వాటికి సాహస క్రీడలు వర్తించవు. అదనపు రుసుము చెల్లించి చేర్చుకోవాలి. రాఫ్టింగ్ అనే మాట, ఏ తరగతి వరకు అనే పరిమితి, హెలికాప్టర్ తరలింపు – ఈ మూడూ పాలసీలో ఉన్నాయో లేదో ఇంటి నుంచి బయలుదేరకముందే చూసుకోవాలి.

నీటిలో పడితే గుర్తుంచుకోవలసినవి కొద్దే. రాఫ్ట్ దగ్గరలో ఉంటే దాని చుట్టూ ఉన్న తాడు పట్టుకోండి. రాఫ్ట్‌కు, బండకు మధ్య మాత్రం ఉండకండి. అల పల్లంలో గాలి పీల్చండి, శిఖరంలో బిగబట్టండి. రక్షకుడు విసిరిన తాడును చేతికి చుట్టుకోకుండా, ఛాతీకి ఆనించి పట్టుకుని వెల్లకిలా తిరగండి. జల్లెడ ఎదురై తప్పించుకునే వీలు లేకపోతే, ఆ ఒక్క సందర్భంలో బోర్లా తిరిగి దాని మీదికి ఎక్కడానికి ఈదండి.

9.8 నది భవిష్యత్తు

బతోకా గండిలో, జలపాతానికి సుమారు 50 కిలోమీటర్ల దిగువన 2,400 మెగావాట్ల జలవిద్యుత్ ప్రాజెక్టు కట్టాలని జాంబియా, జింబాబ్వే ప్రతిపాదించాయి. ఆనకట్ట కడితే వెనుక నిలిచే నీటిలో ర్యాపిడ్‌లలో అధికభాగం మునిగిపోతాయి. గైడ్‌లు, కయాక్ నడిపేవారు, గండి గోడల మీదుగా రాఫ్ట్‌లు మోసే కూలీలు – వీరి జీవనం ఆ ర్యాపిడ్‌ల మీద ఆధారపడి ఉంది.

మరొక వైపు చూడండి. ఇదే నది మీద దిగువన 1959లో పూర్తయిన కరిబా ఆనకట్ట ఈ రెండు దేశాలకూ ముఖ్యమైన విద్యుత్ ఆధారం. 2024లో తీవ్రమైన కరువు వల్ల ఆ జలాశయం అడుగంటినప్పుడు జాంబియాలో ఇళ్లు, ఆసుపత్రులు, చిన్న పరిశ్రమలు దీర్ఘమైన కరెంటు కోతలు అనుభవించాయి. విద్యుత్ కావాలనేవారి వాదన విలాసం కోసం కాదు. అయితే కరువులో ఒక ఆనకట్ట ఎండితే, అదే నది మీది మరొక ఆనకట్ట ఎంతవరకు ఆదుకుంటుందన్న ప్రశ్న కూడా ఉంది. పర్యాటక విద్యార్థిగా మీరు ఒక పక్షం వహించే ముందు రెండు పక్షాల నష్టాలనూ రాసి చూడటం అలవరచుకోండి.

9.9 సారాంశం

నది ఇరుకైనప్పుడు వేగం, వేగం వర్గాన్ని బట్టి బలం పెరుగుతాయి. గాలి కలిసిన నీరు తెల్లగా ఉంటుంది, తక్కువగా తేలుస్తుంది. ర్యాపిడ్‌లను ఆరు తరగతులుగా విభజించినా, తరగతి నీటిమట్టంతో మారుతుంది. జాంబెజి నదిలో అలలు అతి పెద్దవి అయినా లోతు, మడుగులు, వెచ్చదనం, రక్షకుల ఏర్పాటు ప్రమాదాన్ని తగ్గిస్తున్నాయి. దీనికి విరుద్ధంగా జల్లెడలు, రాళ్ల సందులు, చిన్న ఆనకట్టలు, చల్లని నీరు, ఎగువ నుంచి వదిలే నీరు ప్రశాంతంగా కనిపిస్తూనే ప్రాణం తీస్తాయి. హోరును చూసి భయపడటం ఎవరూ నేర్పనక్కరలేదు. నిశ్శబ్దంగా ఉన్న నీటిని అనుమానించడం నేర్చుకోవాలి.

9.10 ముఖ్య పదాలు

ర్యాపిడ్: నది వేగంగా, అల్లకల్లోలంగా ప్రవహించే భాగం.
ప్రవాహ పరిమాణం: ఒక సెకనులో ఒక చోటును దాటిపోయే నీటి ఘనపరిమాణం.
గుంట: దూకిన నీటి పైభాగం వెనక్కి తిరిగి వచ్చే చోటు.
జల్లెడ: నీటిని పోనిచ్చి మనిషిని ఆపే అడ్డంకి.
భావిత ప్రమాదం: యాత్రికుడు ఊహించుకునే ప్రమాదం.
వాస్తవ ప్రమాదం: నిజంగా హాని కలిగే అవకాశం.

9.11 మీ ప్రగతిని సరిచూసుకోండి – సమాధానాలు

1. 9 రెట్లు (3 × 3).
2. గాలి కలవడం వల్ల నీటి సాంద్రత తగ్గి, తేల్చే బలం తగ్గుతుంది.
3. మొదటిది యాత్రికుడి మనసులోని అంచనా, రెండవది హాని జరిగే నిజమైన అవకాశం. 9.6 చూడండి.
4. అది ఒడ్డు నుంచి ఒడ్డు దాకా ఒకే తీరుగా ఉండటం వల్ల పక్కల నుంచి బయటపడే దారి ఉండదు.

9.12 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. బతోకా గండి ఏర్పడిన తీరును వివరించి, అది రాఫ్టింగ్‌కు ఎలా అనుకూలమైందో చర్చించండి.
2. రాఫ్టింగ్‌లో భావిత ప్రమాదానికి, వాస్తవ ప్రమాదానికి గల తేడాను ఉదాహరణలతో విశ్లేషించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. ర్యాపిడ్‌ల తరగతుల విభజనకు గల పరిమితులు ఏవి?
2. వర్షాలు ఆగిన తరువాత జాంబెజి నది ఎందుకు పొంగుతుంది?
3. ప్రవాహంలో పడిన వ్యక్తి ఎందుకు నిలబడకూడదు?

III. క్షేత్ర అభ్యాసం
మీ ఊరికి దగ్గరలోని వాగు, చెరువు మత్తడి లేదా చెక్‌డ్యామ్‌ను ఒడ్డున ఉండి పరిశీలించండి. నీటిలోకి దిగకండి. ఈ పాఠంలో చెప్పిన ప్రమాద స్థలాల్లో అక్కడ ఏవి ఉన్నాయో గుర్తించి, పటం గీసి, ఊరి పెద్దలను అడిగి గతంలో జరిగిన సంఘటనలను తెలుసుకుని ఒక పుటలో నివేదిక రాయండి. దాని ప్రతిని మీ అధ్యయన కేంద్రంలోను, మరొక ప్రతిని ఊరి పాఠశాలలోను ఇవ్వండి.